తడికట్టె, నిప్పు, పొగ: ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రక్కులో స్టీరింగ్ ఊగులాటకు కారణనిర్ణయ పద్ధతి

వ్యాససంగ్రహం:

ముందువైపు ఏకఖండపు ఇరుసు గల ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రక్కులు, జీపులు కొంత వేగంలో గతుకు తగిలినప్పుడు స్టీరింగ్ అదుపుతప్పి తీవ్రంగా ఊగడం తెలిసిన సమస్యే. అయినా మరమ్మతులో తరచు పొరపాటు జరుగుతుంది. ఊగులాటను మొదలుపెట్టిన దానిని, ఊగులాటను సాధ్యం చేసిన దానిని, ఊగులాటను అణచి ఉంచిన దానిని ఒకటిగా భావించడమే ఆ పొరపాటు. ఈ మూడింటినీ వేరు చేయడానికి న్యాయశాస్త్రంలోని ఉపాధి, ప్రతిబంధకం, అన్యథాసిద్ధం అనే భావనలు ఎలా ఉపకరిస్తాయో చూపుతూ, దోషనిర్ణయ క్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఇరుసు, స్టీరింగ్, ఊగులాట, అనునాదం, క్యాస్టర్ కోణం, ఉపాధి, ప్రతిబంధకం, అన్యథాసిద్ధం.

1. ఉపోద్ఘాతం:

గంటకు 70 లేదా 80 కిలోమీటర్ల వేగంతో సాగుతున్న ట్రక్కు ముందుచక్రం వంతెన అతుకు మీదుగా వెళ్తుంది. మరుక్షణం స్టీరింగ్ చక్రం చేతుల్లో నిలవకుండా కుడియెడమలకు కొట్టుకోవడం మొదలవుతుంది. ముందుభాగమంతా విరిగిపోతుందేమో అన్నంతగా అదురుతుంది. గతుకు దాటిపోయినా ఊగులాట ఆగదు. బండి బాగా నెమ్మదించిన తరువాతే ఆగుతుంది. ఆగిన వెంటనే దిగి చూస్తే విరిగినదేదీ కనిపించదు. మళ్లీ నడిపితే చాలా దూరం ఏమీ జరగకపోవచ్చు. అమెరికా వాహనచోదకులు దీనిని 'డెత్ వాబుల్' అంటారు. ఆ పేరులోని భయం అతిశయోక్తి కాదు. ఎదురుగా వాహనాలు వస్తున్న రోడ్డుపై కొన్ని సెకన్లపాటు దిశపై అదుపు లేకపోవడం ప్రాణాంతకమే.

ఈ లోపం కార్ఖానాకు చేరగానే సాధారణంగా ఏదో ఒక భాగం మార్చడం జరుగుతుంది. ఊగులాట కొన్నాళ్లు ఆగి తిరిగి వస్తుంది. మరొక భాగం మారుతుంది. ఖర్చు పెరుగుతుంది గాని కారణం తెలియదు. ఇక్కడ కొరవడేది పనితనం కన్నా కారణవిచారం. కారణమంటే ఏమిటి, దానికి ముందున్న ప్రతిదీ కారణమవుతుందా అనే ప్రశ్నలు న్యాయశాస్త్రం లోతుగా చర్చించినవి. 17వ శతాబ్దికి చెందిన, ఆంధ్రుడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం నేటికీ ఆ శాస్త్రానికి ప్రవేశద్వారం. ఆ పరిభాషను అలంకారంగా కాక పనిముట్టుగా ఈ వ్యాసంలో ఉపయోగిస్తున్నాను.

2. ఇరుసు నిర్మాణం:

ఈ తీవ్రమైన ఊగులాట ముఖ్యంగా ముందుచక్రాలు రెండూ ఒకే దృఢమైన ఇరుసుకు అమరిన వాహనాల్లో కనిపిస్తుంది. రెండవ ప్రపంచయుద్ధకాలపు విల్లీస్ జీపు, మన దేశంలో సైన్యం విస్తృతంగా వాడిన మారుతి జిప్సీ, అమెరికాలోని జీప్ రాంగ్లర్, ఫోర్‌వీల్ డ్రైవ్ ఫోర్డ్ ఎఫ్-250 వంటివి ఈ కోవకు చెందుతాయి. బరువు మోయడానికి, రాళ్లదారుల్లో నడవడానికి ఈ నిర్మాణం అనుకూలం. అయితే ఒక చక్రానికి తగిలిన దెబ్బ ఇరుసు ద్వారా రెండవ చక్రానికి చేరుతుంది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో కార్లలోనూ ఈ సమస్య ఉండేది. జనరల్ మోటార్స్ 1934 నమూనాల్లో ముందుచక్రాలకు స్వతంత్ర సస్పెన్షన్ ప్రవేశపెట్టడానికి దారితీసిన కారణాల్లో ఇదొకటి.

ఈ నిర్మాణంలో దోషనిర్ణయానికి అవసరమైన భాగాలు కొన్నే. ఇరుసు రెండు కొసల్లో చక్రాన్ని తిప్పే నకిళ్లు ఉంటాయి. అవి బాల్ జాయింట్ల మీద గాని, కింగ్‌పిన్‌ల మీద గాని తిరుగుతాయి. రెండు నకిళ్లను కలిపేది టై రాడ్. ఛాసిస్‌కు బిగించిన స్టీరింగ్ పెట్టె నుంచి, పిట్‌మన్ ఆర్మ్ ద్వారా, చక్రాల వైపు కదలికను చేర్చేది డ్రాగ్ లింక్. కాయిల్ స్ప్రింగులున్న వాహనాల్లో ఇరుసు పక్కకు జరగకుండా ఒక కొస ఛాసిస్‌కు, మరొక కొస ఇరుసుకు బిగించిన అడ్డకడ్డీ ఉంటుంది. దానిని ట్రాక్ బార్ అంటారు. జిప్సీ వంటి వాటిలో ఈ పనిని కమాన్ కట్టలే చేస్తాయి.

స్టీరింగ్ పెట్టె ఉన్నది ఛాసిస్‌పై, చక్రాలు ఉన్నవి ఇరుసుపై. ఇరుసు పక్కకు మూడు మిల్లీమీటర్లు జరిగినా, ఎవరూ స్టీరింగ్ తిప్పకుండానే చక్రాలు తిరుగుతాయి. అందువల్లనే ట్రాక్ బార్ కొసల్లోని చిన్న వదులు పెద్ద ఫలితాన్నిస్తుంది.

3. అనునాదం, స్వయంప్రేరణ:

ఊగే ప్రతి వ్యవస్థకూ ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. ఉయ్యాలను దాని లయకు తగినట్లు చిన్నగా తోసినా ఊపు పెరిగినట్లే, ఆ పౌనఃపున్యంతో తగిలే చిన్న దెబ్బలు కూడా పెద్ద ఊగులాటగా మారతాయి. ఇదే అనునాదం. ఒక లెక్క చూద్దాం. టైరు వ్యాసం 0.8 మీటరు అయితే చుట్టుకొలత సుమారు 2.51 మీటర్లు. బ్యాలెన్స్ తప్పిన టైరు ప్రతి చుట్టుకూ ఒక దెబ్బ వేస్తుంది. ఇరుసు, స్టీరింగ్ వ్యవస్థల సహజ పౌనఃపున్యం సెకనుకు 8 అనుకుంటే, ఆ లయ కుదిరే వేగం సెకనుకు 20.1 మీటర్లు, అంటే గంటకు సుమారు 72 కిలోమీటర్లు. ఊగులాట ఒక నిర్దిష్టమైన వేగపు పరిధిలోనే కనిపించడానికి ఇది మూలం.

దెబ్బ బలం వేగవర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 16 అంగుళాల రిమ్ అంచున 50 గ్రాముల అసమతౌల్యం ఉంటే, పై టైరుపై గంటకు 40 కిలోమీటర్ల వేగంలో కలిగే బలం సుమారు 8 న్యూటన్లు. 80 కిలోమీటర్ల వద్ద అది నాలుగింతలై 31 న్యూటన్లకు చేరుతుంది.

అనునాదం ఒక్కటే ఈ ఊగులాటను పూర్తిగా వివరించదు. వేగంగా తిరిగే చక్రానికి గైరోస్కోపిక్ ప్రభావం ఉంటుంది. ఒక చక్రం గతుకెక్కినప్పుడు ఇరుసు వంపు మారుతుంది. ఆ వంపు మార్పుకు ప్రతిస్పందనగా చక్రాలు నిలువు అక్షం చుట్టూ తిరగజూస్తాయి. అలా తిరిగినప్పుడు మళ్లీ ఇరుసు వంగజూస్తుంది. ఈ రెండు కదలికలూ ఒకదానినొకటి పోషించుకుంటాయి. వాటికి కావలసిన శక్తి టైర్ల ద్వారా బండి ముందుకు సాగే చలనం నుంచే లభిస్తుంది. గతుకు దాటిపోయిన తరువాత కూడా ఊగులాట ఆగకపోవడం, వేగం తగ్గినప్పుడే ఆగడం ఇందువల్లనే. కీళ్లన్నీ బిగువుగా, కోణాలు సరిగా ఉన్న వ్యవస్థలో ఈ ఊపు ఒకటి రెండు సార్లలో అణగిపోతుంది. వదులున్న వ్యవస్థలో చక్రం ఆ సందులో స్వేచ్ఛగా ఊగి, ప్రతిసారీ మరికొంత శక్తిని కూడగట్టుకుంటుంది.

వదులు ఎంత ఉంటే ప్రమాదమన్న ప్రశ్నకు మరొక లెక్క సమాధానమిస్తుంది. నకిల్ నుంచి టై రాడ్ కీలు వరకు ఉన్న చేయి పొడవు 150 మిల్లీమీటర్లు అనుకుందాం. కీలులో 2 మిల్లీమీటర్ల సందు ఉంటే చక్రం సుమారు 0.76 డిగ్రీలు స్వేచ్ఛగా తిరుగుతుంది. 400 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల టైరు ముందంచు వద్ద అది 5 మిల్లీమీటర్లు దాటుతుంది. కంటికి ఆనని సందు రోడ్డుమీద కొలవదగిన కదలికగా మారుతున్నదన్నమాట.

4. ఉపాధి: గతుకు కారణమా?

"గతుకు తగిలింది, బండి ఊగింది, కనుక గతుకే కారణం" అని చోదకుడు అనుకుంటాడు. అదే గతుకు మీదుగా అదే రకం వాహనాలు ఎన్నో క్షేమంగా సాగిపోతాయి. కాబట్టి గతుకుకూ ఊగులాటకూ వ్యాప్తి లేదు. న్యాయశాస్త్రంలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ లేదు. నిప్పు నుంచి పొగ రావడానికి తడికట్టెతో సంయోగం కావాలి. ఆ తడికట్టె సంయోగమే ఉపాధి.

మన సందర్భంలో గతుకు నిప్పు, ఊగులాట పొగ. కీళ్ల వదులు, తప్పిన కోణం తడికట్టె. టైరు అసమతౌల్యం కూడా చాలా సందర్భాల్లో నిప్పు కోవకే చెందుతుంది. టైర్లను బ్యాలెన్స్ చేయించినప్పుడు ఊగులాట ఆగితే ఒక నిప్పు ఆరిందని మాత్రమే అర్థం. తడికట్టె అక్కడే ఉంది. మరొక గతుకు దానిని రాజేస్తుంది. దోషనిర్ణయం అంటే తడికట్టెను వెతకడం.

5. ఫిర్యాదు భాష:

వెతకడం బండి కిందికి దూరడంతో కాక చోదకుడి మాట వినడంతో మొదలవుతుంది. తెలుగులో ఈ ఫిర్యాదులకు మూడు వేర్వేరు క్రియలున్నాయి. మూడింటి మూలాలూ వేరు.

'లాగుతోంది' అంటే బండి ఒకవైపు పోతున్నదని. గాలి ఒత్తిడిలో తేడా, ఒకవైపు పట్టేసిన బ్రేకు, అలైన్‌మెంట్ దోషం దీనికి మూలాలు కావచ్చు. 'అదురుతోంది' అంటే సన్నని కంపనం. ఒక వేగంలో మొదలై, మరొక వేగంలో తగ్గే అదురు చక్రాల అసమతౌల్యాన్ని, వంగిన రిమ్మును సూచిస్తుంది. బ్రేకు నొక్కినప్పుడే వచ్చే అదురు బ్రేకు డిస్కు మందంలో హెచ్చుతగ్గులను సూచిస్తుంది. 'ఊగిపోతోంది' అంటే స్టీరింగ్ రెండువైపులా కొట్టుకుంటున్నదని. ఈ మూడవదే మన చర్చావిషయం.

ఈ క్రియాభేదాన్ని పట్టించుకోకుండా అన్నింటినీ 'వైబ్రేషన్' అని రాసుకున్న కార్ఖానా తొలి సాక్ష్యాన్ని పోగొట్టుకున్నట్లే. ఏ వేగంలో, గతుకు తగిలాకనా తగలకుండానా, తిన్నగా పోతుండగానా మలుపులోనా, బ్రేకు వేస్తేనా, ఫోర్‌వీల్ డ్రైవ్ వేసినప్పుడు మాత్రమేనా అనే ప్రశ్నలు తప్పక అడగాలి.

చివరి ప్రశ్నకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ముందు ఇరుసు కొసల్లో యూనివర్సల్ జాయింట్లున్న వాహనాల్లో, ఫోర్‌వీల్ డ్రైవ్ వేసి మలుపు తిప్పినప్పుడు చక్రానికి సమవేగం అందదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చి తగ్గుతుంది. స్టీరింగ్‌లో ఒక కుదుపు లయబద్ధంగా తెలుస్తుంది. అది ఆ కీలు స్వభావం. కీలు అరిగినప్పుడు ఆ కుదుపుకు శబ్దం తోడవుతుంది. పొడి తారురోడ్డుపై ఫోర్‌వీల్ డ్రైవ్‌లో మలుపు తిరిగితే చక్రాలు బిగుసుకుపోవడమూ సహజమే. వీటిని ఊగులాటతో కలపకూడదు.

6. పరీక్షా క్రమం:

పరీక్షలో పాటించవలసిన సూత్రం అన్వయవ్యతిరేకాలే. అది ఉంటే ఇది ఉంది, అది లేకపోతే ఇది లేదు అని తేలాలి. కాబట్టి ఒకసారి ఒక్క మార్పే చేయాలి. మూడు భాగాలు ఒకేసారి మారిస్తే ఊగులాట ఆగవచ్చు గాని జ్ఞానం మిగలదు.

6.1. చక్రాలు: గాలి ఒత్తిడి, నట్ల బిగువు, రిమ్ముల వంపు, టైరు అరుగుదల ముందుగా చూడాలి. టైరు అంచుల వెంట మెట్లుమెట్లుగా, గుంటలుగా అరిగి ఉంటే అది వదులు కీళ్లను గాని అలైన్‌మెంట్ దోషాన్ని గాని చాలాకాలంగా భరించిన టైరు. ముందుచక్రాలను వెనక్కు, వెనుకచక్రాలను ముందుకు మార్చడం ఖర్చులేని వ్యతిరేక పరీక్ష. అదురు స్థానం మారితే దోషం చక్రానిది.

6.2. నేలపై భారంతో పరీక్ష: ఇది అన్నింటిలో ముఖ్యమైనది. బండి సమతలంపై తన చక్రాల మీదే నిలిచి ఉండాలి. పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాలి. ఒకరు ఇంజన్ నడుస్తుండగా స్టీరింగ్‌ను కొద్దిగా కుడియెడమలకు వేగంగా తిప్పుతుండాలి. రెండవవారు కింది నుంచి ప్రతి కీలునూ చూడాలి. చేతిని కదిలే భాగాల మధ్య ఇరుక్కోని చోటనే ఆనించి, కదలికను స్పర్శతోనూ గ్రహించాలి. ట్రాక్ బార్ రెండు కొసలతో మొదలుపెట్టి, డ్రాగ్ లింక్, టై రాడ్ కీళ్లు, పిట్‌మన్ ఆర్మ్, స్టీరింగ్ పెట్టె బోల్టులు అనే వరుసలో సాగాలి. బోల్టు, బ్రాకెట్ల మధ్య వెంట్రుకవాసి కదలిక కనిపించినా అది దోషమే. బోల్టు రంధ్రం సాగి అండాకారమై ఉంటే కొత్త బుష్ వేసినా ఫలితం ఉండదు. స్టీరింగ్ పెట్టె ఉన్నచోట ఛాసిస్‌కు పగుళ్లున్నాయేమో కూడా చూడాలి.

జాకీ మీద ఎత్తిన బండికి ఈ పరీక్ష చేస్తే చాలా దోషాలు దాగిపోతాయి. భారం లేని కీలు తన సందును బయటపెట్టదు.

6.3. జాకీపై పరీక్ష: తరువాత ఒక్కొక్క ముందుచక్రాన్ని ఎత్తి, బండిని స్టాండుపై నిలపాలి. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక ఉన్నదంటే బాల్ జాయింటును గాని, కింగ్‌పిన్‌ను గాని, చక్రపు బేరింగును గాని అనుమానించాలి. మరొకరు బ్రేకు నొక్కి పట్టినప్పుడు ఆ కదలిక పోతే దోషం బేరింగుది. నిలిచి ఉంటే కీలుది. రెండు పక్కలా పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదలిక తెలిస్తే టై రాడ్ కీళ్లను మళ్లీ చూడాలి. జిప్సీ తరహా ఇరుసులో కింగ్‌పిన్ బేరింగుల బిగువు షిమ్‌లతో సరిచేస్తారు. ఆ బిగువును స్ప్రింగు త్రాసుతో నకిల్‌ను లాగి కొలుస్తారు. కమాన్ కట్టలున్న బండిలో యు-బోల్టులు, షాకిల్ బుష్‌లు, మధ్యబోల్టు, విరిగిన పట్టీలు చూడాలి. కాయిల్ స్ప్రింగుల బండిలో ఇరుసును పట్టి ఉంచే ఆర్ముల బుష్‌లు చూడాలి.

6.4. కోణాలు: కీళ్లన్నీ బిగువుగా ఉన్నాయని తేలిన తరువాతే అలైన్‌మెంట్ కొలవాలి. వదులు కీళ్లతో కొలిచిన కోణం ఆ క్షణానికే సత్యం. క్యాస్టర్ కోణం చక్రాన్ని తిన్నని దిశకు మరల్చే గుణాన్నిస్తుంది. బండిని ఎత్తు పెంచినప్పుడు ఇరుసు తిరిగి ఈ కోణం తగ్గవచ్చు. అలాగని మితిమీరి పెంచినా ఊగులాట ఎక్కువ కాగలదు. తయారీదారు నిర్దేశించిన పరిధిలో ఉంచడమే మార్గం. ఎత్తు పెంచిన కాయిల్ స్ప్రింగుల బండిలో ట్రాక్ బార్, డ్రాగ్ లింక్ దాదాపు సమాంతరంగా ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే ప్రతి గతుకూ స్టీరింగ్‌ను తిప్పుతుంది.

బిగింపులో ఒక నియమం తరచు విస్మరించబడుతుంది. రబ్బరు బుష్‌లున్న బోల్టులను బండి తన బరువుతో నేలపై నిలిచి ఉన్నప్పుడే చివరి బిగువుకు తేవాలి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, దించగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

7. ప్రతిబంధకం, అన్యథాసిద్ధం: రెండు పొరపాట్లు:

మొదటి పొరపాటు స్టీరింగ్ డ్యాంపర్‌కు సంబంధించినది. షాక్ అబ్జార్బరు వంటి ఈ పరికరం కుదుపులను అణచివేస్తుంది. పాతది మార్చి కొత్తది వేయగానే ఊగులాట తగ్గడం వల్ల అదే కారణమన్న నిర్ణయానికి వస్తారు. నైయాయికులు నిప్పు కాల్చకుండా అడ్డుకునే మణిని ప్రతిబంధకమని పేర్కొన్నారు. మణి ఉన్నంతసేపు నిప్పు కాల్చదు. అంతమాత్రాన నిప్పు లేకుండా పోలేదు. డ్యాంపర్ అటువంటి ప్రతిబంధకం. అది అరిగిపోవడం దోషమే, మార్చవలసిందే. అయితే ప్రతిబంధకం తొలగడం వల్ల కార్యం వెల్లడైందే తప్ప కార్యానికి మూలం అక్కడ లేదు. కొత్త డ్యాంపర్ చాటున వదులు కీలు మరికొన్ని వేల కిలోమీటర్లు అరుగుతుంది. డ్యాంపర్ కూడా చేతులెత్తేసే నాటికి వదులు మరింత పెరిగి ఉంటుంది. వెంటనే కనిపించే దోషం కన్నా దాగిన దోషం ప్రమాదకరమనడానికి ఇదే ఆధారం.

రెండవ పొరపాటు "కొత్త టైర్లు వేయించాకే మొదలైంది" అనే వాదం. కార్యానికి ముందున్నంత మాత్రాన ఏదీ కారణం కాదు. కుండకు మట్టి మోసుకొచ్చిన గాడిద కుండకు ముందే ఉన్నా కుండకు కారణం కాదని శాస్త్రం దానిని అన్యథాసిద్ధంగా తోసిపుచ్చింది. టైర్లు గాడిదేనా, లేక నిజంగా అసమతౌల్యం గల నిప్పా అన్నది వాదంతో తేలదు. చక్రాల మార్పిడి పరీక్షతో తేలుతుంది. పెద్ద, బరువైన టైర్లు వేసినట్లయితే వ్యవస్థ లయ మారి, అంతవరకు దాగిన వదులు బయటపడి ఉండవచ్చు. అప్పుడు కూడా మూలం వదులులోనే ఉంటుంది.

8. ఊగులాట వచ్చిన క్షణంలో:

కారణం తేలేలోపు రోడ్డుమీదే ఊగులాట వస్తే స్టీరింగ్‌ను రెండు చేతులతో గట్టిగా, కాని పెనుగులాడకుండా పట్టుకోవాలి. యాక్సిలరేటరు వదిలి, వేగం నిదానంగా తగ్గనివ్వాలి. హఠాత్తుగా బ్రేకు తొక్కరాదు. వేగం పెంచి దాటిపోవాలని చూడరాదు. పూర్తిగా అదుపులోకి వచ్చాక సంకేతమిచ్చి రోడ్డు పక్కకు తీయాలి. ఒక్కసారి తీవ్రమైన ఊగులాట జరిగిన తరువాత బండి మామూలుగా నడుస్తున్నా పరీక్ష వాయిదా వేయకూడదు. ఆ కుదుపులే బాగున్న కీళ్లను కూడా దెబ్బతీస్తాయి. పాడేరు, అరకు వంటి ఘాట్ రోడ్లపై జీపుల్లో ప్రయాణించేవారి ప్రాణాలు ఇటువంటి కీళ్ల బిగువుపైనే ఆధారపడి ఉంటాయి.

9. ముగింపు:

• ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రక్కు స్టీరింగ్ ఊగులాటలో గతుకు, టైరు అసమతౌల్యం ప్రేరకాలు, కీళ్ల వదులు, తప్పిన కోణాలు మూలం, డ్యాంపర్ ప్రతిబంధకం.

• 'లాగడం', 'అదరడం', 'ఊగడం' అనే క్రియాభేదం దోషనిర్ణయంలో తొలి సాక్ష్యం. దానిని యథాతథంగా నమోదు చేయాలి.

• చక్రాలు, నేలపై భారంతో పరీక్ష, జాకీపై పరీక్ష, చివరగా కోణాలు అనే క్రమాన్ని పాటిస్తూ, ఒకసారి ఒక్క మార్పే చేసినప్పుడు మాత్రమే కారణం నిర్ధారితమవుతుంది.

• లక్షణం ఆగడం, కారణం తొలగడం ఒకటి కావు. పొగ ఆగిందని సంతృప్తి చెందక, తడికట్టె ఎక్కడుందో చూపగలిగినప్పుడే మరమ్మతు పూర్తయినట్లు.